శిక్ష పడింది సరే, జైలెవరికి?

మొన్న జంపనిలో కూలీల సమావేశం అయ్యాక ఒక ముసలాయన నన్ను ఆపి అడిగాడు: “ఏమబ్బాయ్, ఫలానా నాయకుడికి శిక్ష పడిందని పేపర్లో వేస్తారు గదా. వాళ్ళు జైలుకూడు తిన్నట్టు నువ్వెప్పుడన్నా చూశావా?”

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అసలు పోలేదంటే అబద్ధం. 2013లో దాణా కుంభకోణం కేసులో లాలూ ప్రసాద్ జైలుకు పోయాడు. అదే ఏడు టీచర్ల నియామకాల కేసులో హర్యానా మాజీ ముఖ్యమంత్రి చౌతాలాకు పదేళ్ళు పడింది. 2017లో శశికళ పోయింది. అయితే ఇవన్నీ సర్కారు సొమ్ము, ఉద్యోగాలు, అక్రమాస్తుల వ్యవహారాలు. పేదవాడి ఒంటిమీద చెయ్యి వేసిన నాయకుడి సంగతేమిటి? ముసలాయన అడిగింది అదీ.

దానికి జవాబు అప్పటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో ఉంది. 1996 డిసెంబరు 29న అక్కడ ఐదుగురు దళితులను పట్టుకుని హింసించారు. వాళ్ళలో ఇద్దరికి తల, కనుబొమలు గొరిగించారు. కేసు అప్పటి రామచంద్రపురం ఎమ్మెల్యే తోట త్రిమూర్తులు మీద, ఆయన మనుషుల మీద పడింది. తీర్పు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024 ఏప్రిల్ 16న, విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో. ఇరవై ఏడేళ్ళు దాటింది. ఆ మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయి, నిందితుడు ఎన్ని పార్టీలు మారాడు! మారనిది ఒక్క వాయిదాయే. గొరిగిన జుట్టు నెల రోజుల్లో మొలుస్తుంది. ఆ అవమానం మోస్తూ ఆ యువకులు నడివయసు దాటిపోయారు.

నేరం రుజువైంది. పద్దెనిమిది నెలల శిక్ష వేశారు. అప్పటికాయన వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్సీ, మండపేట అసెంబ్లీ అభ్యర్థి. బెయిలు వచ్చింది. మే నెల ఎన్నికల్లో పోటీ చేశాడు. ఓడించింది మండపేట ఓటర్లు, కోర్టు తీర్పు కాదు.

ఇందులో ఎక్కడా చట్టం తప్పలేదు, అదే విచిత్రం! మూడేళ్ళకు మించని శిక్షయితే, అంతవరకు బెయిలు మీదున్న ముద్దాయిని అప్పీలు వేసుకునేదాకా శిక్ష వేసిన కోర్టే బెయిలు మీద వదలొచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షను ప్రకారం మామూలుగా రెండేళ్ళు, ఆపైన పడితేనే పదవి పోతుంది. 2013 జులైలో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి శిక్ష పడ్డ రోజే సభ్యత్వం పోతుందని చెప్పింది, మంచిదే. కానీ పద్దెనిమిది నెలలు రెండేళ్ళకు తక్కువ గదా! లెక్క సరిగ్గా సరిపోయింది.

పెద్ద శిక్ష పడితే మాత్రం? ఓబుళాపురం గనుల కేసులో 2025 మే 6న గాలి జనార్దనరెడ్డికి హైదరాబాదు సీబీఐ కోర్టు ఏడేళ్ళు వేసింది. జూన్‌లోనే తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

అంతదూరం ఎందుకు, మన పక్క చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, గోనెసంచుల్లో కట్టి కాలువల్లో పడేశారు. జనం పోరాడితే విచారణ ఆ ఊళ్ళోనే జరిగింది. 2007 జులై 31న ఇరవై ఒక్కమందికి యావజ్జీవం, ముప్పై ఐదుగురికి ఏడాది పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చుండూరు ముద్దాయిలు మంత్రులు, ఎమ్మెల్యేలు కారు. ఊరి భూములున్న కులపోళ్ళు. ఊళ్ళో అదే అధికారం.

మనవాడి సంగతి వేరు. కూలిరేట్ల కోసం రోడ్డు మీద కూర్చున్న కేసులో మా వాళ్ళు ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగారు. వాయిదా ఉన్న రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ దండగ. జామీను నిలబడేవాడు దొరక్క లోపలే ఉండేవాళ్ళు ఎందరో. ఈ దేశపు జైళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్ళే.

కనుక తీర్పు రోజున మిఠాయిలు పంచి ఇంటికి పోతే కుదరదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. అట్రాసిటీ చట్టంలో 2016 నుంచి అమల్లో ఉన్న 15ఏ సెక్షను ప్రకారం బెయిలు మీదా, శిక్ష మీదా బాధితుడి మాట వినాలి, కోర్టు వ్యవహారాల కబురు అతనికి ముందే అందాలి. 1995 నిబంధనల్లో పదకొండోది ప్రకారం బాధితుడికీ, సాక్షికీ దారిఖర్చులు, కనీస కూలికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి. అడిగితేనే ఇస్తారు. ఒకడు పోయి అడిగితే తిప్పి పంపుతారు, పదిమంది పోతే కాగితం తీసుకుంటారు.

ముసలాయనకి ఇదే చెప్పాను. “అయితే రాసుకో, మా ఊరోళ్ళ వాయిదా ఎప్పుడో” అన్నాడు. రాసుకున్నాను. మిగతా ఊళ్ళ కమిటీలు కూడా తమ దగ్గర నడుస్తున్న అట్రాసిటీ కేసులు, వాయిదా తేదీలు, భత్యం అందని సాక్షుల వివరాలు ఈ నెలాఖరుకల్లా సంఘానికి పంపాలి.