పని ఒకరిది, పేరు ఒకరిది

హైదరాబాద్ వంటి నగరాల దుకాణాలలోను, ప్రదర్శనలలోను కొంతకాలంగా కొత్తరకం సామాన్లు కనిపిస్తున్నాయి. ఇత్తడి రేకు తొడిగిన బల్ల, జంపఖానా నేత బిగించిన కుర్చీ, గోడకు తగిలించే రంగుల బొమ్మ ముఖం, చేత్తో చెక్కిన దీపం - ఇలాంటివి. వీటిని 'డిజైనర్ వస్తువులు' అంటున్నారు. ధర వేలల్లో పలుకుతుంది. వీటిలో కొన్నింటి పుట్టిల్లు పెంబర్తి అనీ, కొత్తవాడ అనీ, చేర్యాల అనీ కొనేవారిలో చాలామందికి తెలియదు. చీటీ మీద డిజైనర్ పేరు ఉంటుంది. చేసిన చేతుల పేరు ఉండేది తక్కువ.

డిజైనర్ అనగానే బట్టలు, సినిమాలు గుర్తుకు రావడం సహజం. కాని కుర్చీకి, బల్లకు, చెంబుకు కూడా రూపం కట్టేవారు ఉన్నారు. వీరిలో చాలామందికి సొంత కార్ఖానా లేదు. తక్కువ సంఖ్యలో వస్తువులు తయారు చేయించి, తమ పేరుతో అమ్ముకుంటారు. గీత వారిది, చెయ్యి వేరొకరిది. అందుకే వారు ఊళ్ళకు వస్తున్నారు. వారి రాకను తప్పు పట్టవలసిన పని లేదు. ఎందుకు రావాలి, ఏ షరతు మీద రావాలి అన్నదే అసలు ప్రశ్న.

ఉమ్మడి వరంగల్ జిల్లా చేతిపనులకు మార్పు కొత్త కాదు. హైదరాబాద్-వరంగల్ రహదారి పక్కన, జనగామ దగ్గర ఉన్న పెంబర్తిలో విశ్వకర్మలు కాకతీయుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నారని ప్రతీతి. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరచి, లక్క దిమ్మ మీద పరచి, ఉలితో కొట్టి బొమ్మ లేపడం వారి విద్య. ఒకనాడు గుడి వాహనాలకు, రథాలకు తొడుగులు చేశారు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరు బరిణెలు చేశారు. ఇప్పుడు సన్మానాలకు జ్ఞాపికలు, ఇళ్ళ గోడలకు పలకలు చేస్తున్నారు. గిరాకీ మారిన ప్రతిసారీ కొత్త రూపం ఆలోచించుకున్నది ఆ చేతులే. ఆ మాటకొస్తే మొదటి డిజైనర్లు వారే.

వరంగల్ కొత్తవాడ సంగతీ అంతే. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటు దక్కించుకున్నాయి. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు వేలమందికి అన్నం పెట్టి 2002లో మూతపడింది. కొత్తవాడ మగ్గం మాత్రం ఇంకా ఆడుతోంది. అయితే పెళ్ళికి, సభకు జంపఖానా పరిచే రోజులు పోయాయి. ప్లాస్టిక్ కుర్చీలు, మిల్లు చాపలు వచ్చి పడ్డాయి. పాత గిరాకీ తగ్గినప్పుడు నగరంలోని పడకగదికి తగిన కొలతలో, కొత్త రంగులలో దర్రీ కావాలని ఒకరు అడగడం నేతగానికి మేలే. చేర్యాల నకాషీలు కూడా కథ చెప్పేవారికి పటాలు వేసిన చేతులతోనే ఇప్పుడు రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో ముఖాలు, చిన్న సామాన్లు చేస్తున్నారు. చేర్యాల 2016లో జిల్లా మారింది గాని పని మారలేదు.

కాబట్టి డిజైనర్ తెచ్చేది ఏమిటో ఒప్పుకోవాలి. నగరంలో ఎవరికి ఏం కావాలో అతనికి తెలుసు. కొలత తెలుసు, ఫొటో తీయించి అమ్మడం తెలుసు. ఊరి పనివాడికి అందని కొనుగోలుదారు అతనికి అందుతాడు. ఇది చిన్న విషయం కాదు.

చిక్కు లెక్క దగ్గర వస్తుంది. ఐదు నమూనాలు చేసి చూపించమంటారు. అందులో ఒకటి నచ్చుతుంది. మిగిలిన నాలుగింటికి పట్టిన రోజుల కూలి ఎవరిస్తారు? చాలాచోట్ల ఎవరూ ఇవ్వరు. సరుకు అమ్ముడయ్యాక డబ్బు ఇస్తామంటే అప్పటిదాకా ఇత్తడి, నూలు అప్పు ఎవరి నెత్తిన ఉంటుంది? రేకు మీద గీత ఎంత లోతుకు దిగాలో, ఎక్కడ ఆగాలో కాగితం చెప్పదు. అది పనివాడు చెబుతాడు. రూపం కుదిరేది ఆ మాటతోనే. వస్తువు బయటికి వచ్చాక ఆ మాట మాయమై, కూలి ఒక్కటే మిగులుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

తప్పు ఒకవైపే ఉందనడం కూడా న్యాయం కాదు. బయానా తీసుకుని గడువు దాటించేవారు ఉన్నారు. కొలతలో అంగుళం తేడా వస్తే ఏమవుతుందిలే అనేవారు ఉన్నారు. ఒకరి కోసం చేసిన నమూనాను మరునాడే మరొకరికి అమ్మేవారు కూడా ఉన్నారు. నగరంలో ఒక్కసారి పేరు చెడితే ఊరంతటికీ చెడుతుంది. హక్కు అడిగేవారు మాట నిలబెట్టుకోవాలి.

ఇక చట్టం సంగతి. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003లో అమలులోకి వచ్చింది. దాని కింద పెంబర్తి లోహకళకు 2010లో, వరంగల్ దర్రీలకు 2018లో గుర్తింపు దక్కింది. నిర్మల్ ఫర్నిచర్‌కు కూడా ఇది ఉంది. గుర్తింపు రాగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. అది కాపాడేది ఊరి పేరును మాత్రమే. ఎక్కడో అచ్చు కొట్టిన రేకును పెంబర్తి పని అని అమ్మకూడదు, అంతే. అదీ పనివారు అధీకృత వినియోగదారులుగా తమ పేర్లు నమోదు చేయించుకుంటేనే గట్టిగా ఉపయోగపడుతుంది. కూలి ఎంతో ఆ చట్టం చెప్పదు.

కొత్త రూపానికి, కొత్త నగిషీకి రక్షణ ఇచ్చేది 2000 నాటి డిజైన్ల చట్టం. నమోదు చేస్తే పదేళ్ళు, పొడిగిస్తే మరో ఐదేళ్ళు ఇతరులు దానిని కాపీ కొట్టరాదు. ఇందులో ఊరివారు తెలుసుకోవలసిన మెలిక ఒకటి ఉంది. ప్రతిఫలం పుచ్చుకుని ఇంకొకరి కోసం నమూనా తయారుచేస్తే, ఆ చట్టం దృష్టిలో హక్కుదారు చేసినవాడు కాదు, చేయించుకున్నవాడు. కనుక ఇద్దరి ఆలోచనతో పుట్టిన రూపమైతే ఇద్దరి పేరా నమోదు చేయించాలని ముందే కాగితం మీద రాసుకోవాలి. ప్రదర్శనలో పెట్టాక, అమ్మాక పరుగెత్తితే లాభం లేదు. నమోదు అంతకు ముందే జరగాలి. తాతల నాటి నగిషీలను ఎవరూ తమవిగా నమోదు చేయించుకోలేరన్నది మాత్రం ఊరట కలిగించే విషయం.

ఊళ్ళలో వడ్రంగుల పరిస్థితి మరీ దయనీయం. ట్రాక్టరు వచ్చి నాగలిని, బండిని మూలకు నెట్టింది. రెడీమేడ్ తలుపులు వచ్చి బాడిశకు, చిత్రికకు పని లేకుండా చేశాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి సహా 18 వృత్తులు ఉన్నాయి. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల అప్పు అందులో ఉన్నాయి. పనిముట్లు, అప్పు అవసరమే. కాని కొత్తది గీయడం నేర్పకుండా ఉలి ఒక్కటే చేతిలో పెడితే, ఆ ఉలి మళ్ళీ ఇంకొకరి గీత మీదనే నడుస్తుంది.

1958లో భారత ప్రభుత్వం పిలుపు మీద చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు దేశం తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. పేరుమోసిన ఫర్నిచర్ డిజైనర్లు వారు. వారు అన్నింటికంటే మెచ్చుకున్నది మన ఇళ్ళలోని చెంబును. దానిని ఏ ఒక్కరూ రూపొందించలేదనీ, తరతరాల జనం తీర్చిదిద్దారనీ వారు గుర్తించారు. ఆ నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. చెంబును చూసి బడి కట్టారు గాని, చెంబు చేసినవారి పిల్లలు ఆ బడికి ఎందరు చేరగలిగారన్నది ఆలోచించవలసిన విషయం.

దారి లేకపోలేదు. విశాఖ ప్రాంతంలోని ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు చెట్ల రంగులు వాడే పద్ధతిని సి.వి. రాజు పనివారితో కలిసి నిలబెట్టారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరిలోనే ఉండి, పనివారి పక్కన కూర్చుని కొత్తది చేయవచ్చునని దీనివల్ల రుజువైంది.

జిల్లాలో చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. నమూనాకు వేరుగా రోజు కూలి, సగం బయానా, చీటీ మీద ఊరి పేరు, పనివాడి పేరు - ఈ నాలుగు షరతులతో ఒక పేజీ ఒప్పంద పత్రాన్ని తెలుగులో తయారుచేసి చేతివృత్తుల సంఘాలకు ఇవ్వాలి. ప్రభుత్వ హస్తకళల దుకాణాలే ముందుగా పనివారి పేర్లు పెట్టి దారి చూపాలి. హైదరాబాద్ నిఫ్ట్‌లో, ఐ.ఐ.టి. డిజైన్ విభాగంలో చదివేవారు పెంబర్తి, కొత్తవాడలకు నేర్చుకోవడానికి వస్తే, నేర్పినవారికి గురువులుగా పారితోషికం ఇవ్వాలి. ఆ ఊళ్ళ పిల్లలలో గీత బాగున్నవారిని గుర్తించి ఆ చదువులకు సిద్ధం చేయాలి.

ఇవేవీ జరగకపోతే దుకాణాలలో వస్తువులు ఆగిపోవు. నేర్చిన చేతులు మాత్రం ఆగిపోతాయి. కొడుకును ఉలి పట్టనివ్వని తండ్రులు ఇప్పటికే ఊరూరా ఉన్నారు. తన పేరు లేని పనిని, తన కడుపు నింపని పనిని కొడుకుకు ఏ తండ్రి అప్పగిస్తాడు? అధికారులు, సంఘాలు, డిజైనర్లు సమాధానం చెప్పవలసింది ఈ ప్రశ్నకే.