విప్పలేని ల్యాప్‌టాప్ ఎవరి మేలుకు?

సూలూరులో మరమగ్గాల మీద బతికే ఓ కుటుంబం ఇంజినీరింగు చదివే కొడుక్కి వాయిదాల మీద ల్యాప్‌టాప్ కొనిచ్చిందనుకుందాం. మూడో ఏడు వచ్చేసరికి కాలేజీలో త్రీడీ డిజైనింగ్ మొదలవుతుంది. తెరమీద బొమ్మ తిప్పబోతే కదలదు. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలని స్నేహితులు చెబుతారు. తండ్రీకొడుకులు షాపుకు మోసుకెళితే వచ్చే జవాబు ఒక్కటే: ‘‘అది బోర్డుతోనే అతికి ఉందన్నా, మార్చేదానికి కాదు. కొత్తది కొనుక్కోండి.’’ పాతదాని వాయిదాలే ఇంకా తీరలేదు. మరి ఈ సంగతి కొనేనాడే ఎందుకు చెప్పలేదు?

గ్రాఫిక్స్ కార్డంటే తెరమీది బొమ్మను లెక్కగట్టి గీసే భాగం. డెస్క్‌టాప్‌లో అది విడిగా ఉంటుంది. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లోంచి పాతది లాగేసి కొత్తది గుచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అలా కాదు. దాదాపు అన్నింట్లోనూ ఆ చిప్పును మదర్‌బోర్డుకే టంకం పెట్టేస్తారు. విడదీసి మార్చుకునే ఎంఎక్స్ఎం కార్డుల పద్ధతిని ఎన్విడియా 2004లో తెచ్చినా, సన్నటి ల్యాప్‌టాప్‌ల మోజులో అది మూలపడింది.

డెస్క్‌టాప్ ఉంది కదా అని తొందరపడినా చేతులు కాలతాయి. స్లాట్ నుంచి కార్డుకు అందే కరెంటు 75 వాట్లు మాత్రమే. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డుకు 170 వాట్లు కావాలి. మిగతాది పవర్ సప్లై నుంచి వేరే కేబుల్‌తో రావాలి. అందుకు 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్విడియాయే చెబుతోంది. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కూడా కొలిచి చూసుకోవాలి. పైగా నెమ్మదికి కారణం అన్నిసార్లూ కార్డే కాదు. చీరల అంచు డిజైన్లు, మామూలు డ్రాయింగులు వేసుకునేవారికి ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ వేయిస్తే తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఉంటుంది. త్రీడీ పని, వీడియో ఎడిటింగ్, గేమ్స్ ఉన్నవారికే కార్డు అవసరం.

విప్పి చూసి నేర్చుకోవడం ఈ గడ్డకు కొత్త కాదు. సూలూరు పక్కనే ఉన్న కలంగల్‌లో 1893లో తెలుగు ఇంట పుట్టిన జి.డి.నాయుడు, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఓ మోటారు సైకిలు కొని, దాన్ని ఊడదీసి మళ్లీ బిగించి యంత్రాల గుట్టు తెలుసుకున్నారు. 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీలో పాలుపంచుకున్నారు. కోయంబత్తూరులో 2025 అక్టోబరులో ప్రారంభమైన అవినాశి రోడ్డు ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు. పేరు పెట్టడం సంతోషమే. కానీ ఆయన ఊరి పిల్లల చేతికి విప్పడానికి వీల్లేని యంత్రాలు అంటగడితే ఆ గౌరవానికి అర్థమేముంది?

సన్నగా, తేలిగ్గా ఉండాలంటే, వేడి తట్టుకోవాలంటే ఇదొక్కటే దారని కంపెనీలు అంటాయి. అందులో కొంత నిజముంది. కానీ మార్చుకోగల గ్రాఫిక్స్ భాగంతో ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికా కంపెనీ 2024లో ‘ల్యాప్‌టాప్ 16’ను మార్కెట్లోకి తెచ్చింది. మనసుంటే మార్గముందని అదే రుజువు చేసింది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద మరమ్మతుకు ఎంత వీలుందో పదికి మార్కులు వేసి చూపుతున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. అయితే పోర్టల్ తెరిస్తే సరిపోదు, ఆ సమాచారం కొనేవాడి కంటికి కనబడాలి.

ఇక్కడి ఇళ్లలో మాట తెలుగు, బడి తమిళం, పెట్టె మీది రాత ఇంగ్లీషు. అందుకే పెద్ద చిట్టాలు అక్కర్లేదు. ర్యామ్, డిస్కు, బ్యాటరీ, గ్రాఫిక్స్... వీటిలో ఏది మార్చుకోవచ్చో, ఏది కుదరదో నాలుగు గుర్తులతో పెట్టె మీద ముద్రించాలి. దాన్ని చట్టంతో తప్పనిసరి చేయాలి. అంతవరకూ కొనేవారే గట్టిగా అడగాలి. ‘‘రేపు ఇందులో ఏమేం మార్చొచ్చు? బిల్లు మీద రాసివ్వండి’’ అని ముందే అంటే, రెండేళ్ల తర్వాత అదే షాపు మెట్ల మీద తలపట్టుకునే పని ఉండదు.