మెరుపు మాపే విద్య



తెలుగు పండితుడికి విమానాల బొమ్మలతో ఏమి పని అని మిత్రులు కొందరు పరిహాసం చేస్తుంటారు. ఉద్యోగ విరమణ తరువాత మనుమడి సాంగత్యంలో అబ్బిన వ్యసనమిది. ప్లాస్టిక్ భాగాలను అతికించి, రంగులు వేసి, 1/72 ప్రమాణంలో విమానాలు నిర్మించడం మా ఇద్దరి వినోదం. ఈ పనిలో అందరూ తేలికగా తీసుకునేదీ, చివరకు అందరినీ ఏడిపించేదీ ఒకటున్నది. అది ఆఖరున వేసే మ్యాట్ వార్నీషు. పూత చెడినప్పుడు అందరూ సీసాను నిందిస్తారు. దోషం చాలావరకు సీసాది కాదనీ, మన తొందరదనీ నా నిశ్చితాభిప్రాయం. అనుభవం మీద చెబుతున్నాను గనుక కొంచెం ఓపికతో వినవలసినదిగా ప్రార్థన.

మావాడు ఆరు వారాలు శ్రమించి ఒక హరికేన్ విమానాన్ని కట్టినాడు. 1944లో ఇంఫాల్ రంగంలో అర్జన్ సింగ్ నాయకత్వాన మన ఒకటవ స్క్వాడ్రన్ నడిపిన రకమది. ఆకుపచ్చ, మట్టిరంగుల పట్టీలు వేసి, లోపల గోరంత పైలటును కూర్చోబెట్టి, ముఖానికి కూడా రంగు దిద్దినాడు. మరునాడు వాడి ప్రయాణం. మాది కాకినాడ, అది శ్రావణమాసం, బయట ముసురు. "రేపు పొద్దున్నే వెళ్ళిపోతాను కదా తాతయ్యా, ఈ ఒక్క పూతా వేసెయ్యవూ?" అన్నాడు. కాదనలేక స్ప్రే డబ్బా తీసుకుని ఆ సాయంత్రమే కొట్టేశాను. తెల్లవారి చూస్తే విమానమంతా విభూతి పూసినట్లున్నది. వాడు ఏడవలేదు. "ఇంఫాల్‌లో మంచు కురుస్తుందా తాతయ్యా?" అని మాత్రం అడిగినాడు. ఏడ్చి ఉంటేనే నాకు తేలికగా ఉండేది.

ఆ బొమ్మను ఎదుట పెట్టుకుని ఆలోచించగా, నేను జీవితమంతా చూసిన నల్లబల్లే గుర్తుకు వచ్చింది. కొత్తగా రంగు వేసిన నల్లబల్ల మెరుస్తుంది. కిటికీ వెలుతురు దానిమీద పడితే పక్క బెంచీలవారికి అక్షరం కనబడదు, సుద్దముక్క జారిపోతుంది. అందుకే పూర్వం పిల్లలచేత బొగ్గుపొడీ, ఆకుపసరూ పట్టించి ఆ మెరుపు మాపించేవాళ్ళం. నున్నని తలం వెలుతురును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది, గరుకు తలం నలుదిక్కులకూ చెదరగొడుతుంది. మ్యాట్ వార్నీషు చేసే పని కూడా ఇదే. అందులో సన్నని సిలికా రేణువులుంటాయి. పూత ఆరినప్పుడు అవి పైకి తేలి, కంటికి కనబడని గరుకుదనాన్ని కల్పిస్తాయి. అంటే మ్యాట్ అన్నది మెరుపు లేకపోవడం కాదు, మనం పనిగట్టుకుని కల్పించిన గరుకుదనం.

ఇది తెలిస్తే మిగిలిన నియమాలన్నీ సూత్రానికి వృత్తి వలె వాటంతట అవే వస్తాయి. సిలికా అడుగుకు దిగిపోతుంది గనుక సీసాను ఊపితే చాలదు. పుల్లతో అడుగు గీకి కలపవలసినదే. కలపకుండా పైతేట వాడితే పూత మెరుస్తుంది. చివరకు మిగిలిన అడుగు మడ్డి వాడితే బూడిద పూస్తుంది. ఒకే సీసా ఒకనాడు మంచిదై, మరొకనాడు చెడ్డది కావడంలోని రహస్యమిదే. దళసరిగా పోస్తే రెక్కల గీతలలో తెల్లగా పేరుకుంటుంది గనుక పలుచని పూతలు రెండు మూడు, నడుమ ఆరనిచ్చి వేయాలి. మరీ దూరం నుండి కొడితే తుంపర దారిలోనే ఆరి ఇసుక చల్లినట్లవుతుంది.

గుర్తులను, అంటే నీటిలో నానబెట్టి అంటించే డెకాల్స్‌ను, గరుకు రంగు మీద నేరుగా అంటించరాదు. అడుగున గాలి చిక్కి వెండిపొరలా కనబడుతుంది. ముందు మెరుపు వార్నీషు, దానిపై గుర్తులు, అవి బాగా ఆరిన తరువాతనే మ్యాట్. కాక్‌పిట్ గాజుకప్పు మీద అంటించిన కాగితపు ముసుగును పూత ఆరిన తరువాతనే ఊడదీయాలి. ఇక తేమ విషయం. డబ్బాలోని ద్రావకం వేగంగా ఆవిరైనప్పుడు తలం చల్లబడుతుంది. ముసురురోజున గాలిలోని నీరు దానిమీద చేరి పూత పాలిపోతుంది. సముద్రతీరవాసులకు ఇది పెద్ద గండం. పొడి ఎండ కాసే పూట దాకా ఆగడం తప్ప వేరు మార్గం లేదు.

జరిగిన తప్పుకు ప్రాయశ్చిత్తమున్నదా? కొంత ఉన్నది. సుద్దతో తెల్లబారిన బల్లను తడిగుడ్డతో తుడిస్తే, తడి ఉన్నంతసేపూ నల్లగా నిగనిగలాడటం మీరు చూసే ఉంటారు. గరుకు గుంటలను నీరు నింపడం వలన అలా జరుగుతుంది. అదే యుక్తిగా, నాలుగు రోజుల తరువాత ఎండపూట చూసుకుని పలుచగా మెరుపు వార్నీషు కొట్టాను. ఆకుపచ్చ, మట్టిరంగు తిరిగి లేచి వచ్చినాయి. తరువాత తొందరపడకుండా మళ్ళీ మ్యాట్ వేశాను. కాని గాజుకప్పు ముసుగును ఆనాడు ముందే ఊడదీసి ఉన్నాము. అది పూర్తిగా తేరుకోలేదు. మావాడు ముఖం దిద్దిన పైలటు నేటికీ పొగమంచులోనే ఉన్నాడు.

మరొక మాట. నేర్చిన విద్య గదా అని ప్రతి విమానానికీ మ్యాట్ పూయడం కూడా తొందరపాటే. యుద్ధవిమానాలకు మెరుపులేని రంగు వేసినది ఎండలో తళుక్కుమని శత్రువుకు పట్టుబడకుండా ఉండటానికి. అన్నీ అటువంటివి కావు. 1944 నుండి అమెరికా సైనిక విమానాలు అనేకం రంగు లేకుండా లోహపు మెరుపుతోనే ఎగిరాయి. ఛాయాచిత్రాలు తీసే స్పిట్‌ఫైర్లను వేగం కోసం నునుపు చేసేవారు. వెండివంటి విమానానికి మ్యాట్ పూస్తే లోహం చచ్చి బూడిదరంగు మిగులుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మకు మెరుపే అందం. దాని మెరుపు మాపితే ఇక మిగిలేదేమిటి? అయితే 1/72 బొమ్మను అడుగు దూరం నుండి చూడటమంటే అసలు విమానాన్ని 72 అడుగుల నుండి చూడటమే. అంత దూరాన మెరుపు కొంత తగ్గే కనబడుతుంది గనుక, అసలుకంటే బొమ్మ ఒక పాలు మందంగా ఉండటం న్యాయం. ముందు అసలు విమానపు ఛాయాచిత్రం చూడాలి, తరువాతనే సీసా మూత తీయాలి.

పరీక్ష రాసే పిల్లలలో ఒక లక్షణం చూసేవాణ్ణి. రెండున్నర గంటలు ముత్యాల వలె రాసి, ఆఖరి పది నిమిషాలలో కాకిగీతలు గీసేవారు. అలా గీయకండని వందలమందికి బోధించిన నేను, ఆరు వారాల పనిని పది నిమిషాలలో పాడుచేశాను. మొదటి పూతకు ఇచ్చిన ఓపికను ఆఖరి పూతకూ ఇవ్వండి. ముందుగా ఒక పాత ప్లాస్టిక్ చెంచా మీద వేసి, రాత్రంతా ఆరనిచ్చి చూడండి. ఆ చెంచా బాగుంటేనే విమానం జోలికి వెళ్ళండి. పిల్లవాడు ఊరికి వెళ్ళవలసి ఉంటే వెళ్ళనివ్వండి. విమానం వాడి కోసం ఆగుతుంది.

సెలవు.