ఆఱవయేటి దవడపన్ను

దంతవైద్యశాలకు తొలిసారి వచ్చువారిలో పెక్కుమంది బాధ భరింపరాని దినముననే వచ్చుచున్నారు. లవంగము నొక్కిపెట్టుకొని రెండు రాత్రులు, ఉప్పునీరు పుక్కిలించి మఱి రెండు రాత్రులు గడపి, చెంప వాచిన పిమ్మట వైద్యుని యెదుట గూర్చుండి "పీకివేయుడు" అందురు. అప్పటికి పుచ్చు పంటిలోని నరము వఱకు దిగియుండును. వేళ్ల లోపలిభాగమును శుభ్రపఱచి నింపి పంటిని నిలుపుట సాధ్యమే. కాని దానికి పలుమాఱులు పోవలెను, సొమ్మును వలయును.

భారత దంతవైద్య మండలివారు 2002-03లో జరిపిన దేశవ్యాప్త పరిశీలనలో 12 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు 54 మందికి పుచ్చుపండ్లు కనబడినవి. 35 మొదలు 44 ఏండ్లవారిలో నూటికి 80 మందికి. మొదటి లెక్కలోనివారు మన బెంచీలమీద కూర్చుండు పిల్లల యీడువారే.

మాకు మిక్కిలి విచారము కలిగించునది ఒక్క పన్ను. అది రమారమి ఆఱవయేట, పాలపండ్ల వెనుకనున్న ఖాళీచోట మొలచును. దానికొఱకు ఏ పన్నును ఊడదు. కావున తల్లిదండ్రులు దానినిగూడ పాలపన్నే యనుకొందురు. పుచ్చినను "ఊడి మఱల వచ్చునులే" యని యూరకుందురు. అది మఱల రాదు. దాని నమలుభాగమున లోతైన గాళ్లుండును. మిఠాయి, బిస్కత్తుల పిండి అందు చిక్కుకొనగా, నోటిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లముగ మార్చి పంటి పైపొరను కరగించును. ఆరంభమున నొప్పి యేమియు నుండదు. నొప్పిలేదు గనుక వైద్యుడెందుకనుట మన పొరపాటు. ఆ పన్ను పోయినచో వెనుకటిది ముందునకు వ్రాలును, ఎదుటి దవడలోనిది సాగును.

వేపపుల్లను మేము నిందింపము. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రము పంటిని అరగదీయును. భోజనముతో తిన్న యొక లడ్డుకంటె దినమంతయు చప్పరించు జిగురుమిఠాయి యెక్కువ చేటు. బడిగేటు నొద్ద వేరుసెనగలు కొనుడని మా సలహా.

తల్లిదండ్రులారా, ఆఱేండ్ల బిడ్డను పగటివెలుతురున కిటికీ చెంత నిలిపి నోరు తెఱపించుడు. ముందరి నడుమనుండి ఒక ప్రక్కకు లెక్కింపుడు. ఐదు పాలపండ్లు; ఆఱవది ఆ పన్ను. ఇట్టివి నాలుగు. గాళ్లు నల్లబడకముందే దంతవైద్యునికి చూపినచో, వానిని పూతతో మూయవచ్చును. మన పాఠశాలవారు ప్రతి జూన్ మాసమున చిన్నతరగతులకు ఇట్టి పరీక్ష జరిపింపవలెనని మా కోరిక. అందాక మా విద్యార్థి పాఠకులు ఇంట తమ్ములకును చెల్లెండ్రకును ఈ లెక్క చూడవచ్చును.