జత కలియని యింజను



సెలవులు వచ్చినంతనే పిల్లల చేతులకుఁ బని కల్పించు భారము తల్లులపైఁ బడును. ఈ మాసము మేము రేడియో తరంగములచే దూరమునుండి నడుపఁబడు బొమ్మకారును గూర్చి వ్రాయఁ దలఁచితిమి. ఆటవస్తువే కదా యని పుట త్రిప్పివేయకుఁడు. ఇందు ధనవ్యయమును గలదు, ప్రాణభయమును గలదు.

ఇప్పుడీ కార్లలోఁ బెక్కులు బ్యాటరీతో నడుచుచున్నవి. అయినను నిజమైన యింజను గలవియు వాడుకలో నున్నవి. మా వారు ఉపాధ్యాయులు గావున మా పెదపారుపూడి పిల్లలు చెడిన వస్తువులను మా యరుఁగు మీఁదికిఁ దెచ్చుచుందురు. ఒక బాలుఁడు పాడైన యింజనులు రెండు తెచ్చి, "అమ్మగారూ, దీనిలోని మంచి భాగములు దానికిఁ దగిలించి యొకటి చేయరాదా?" యని యడిగెను. మంచి ప్రశ్నయే. కొన్ని తగులును, కొన్ని తగులవు. ఏవి యెట్టివో తెలిసికొనుటయే యిందలి విద్య.

1908వ సంవత్సరమున ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సునందు రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి యెదుట మూఁడు కాడిలాక్ కార్లను ఊడఁదీసి, భాగములన్నిటిని గలగలిపి, మరల మూఁడు కార్లుగాఁ గూర్చి 500 మైళ్లు నడిపిరి. చూచినవా రచ్చెరువందిరి. అయితే యవి మూఁడును ఒక్క తీరువి, ఒక్క కొలతవి. మన బాలుని యింజనులో, రెండును వేఱువేఱు కంపెనీలవి.

ఎనిమిదవ వంతు కొలత గల కారునకు సాధారణముగా '21' అను పేరి యింజను నమర్తురు. ఘనాంగుళములో నూటికి 21 పాళ్లని దాని యర్థము. అనఁగా సుమారు 3.5 ఘన సెంటీమీటర్లు, చెంచాఁడు నీరైనఁ బట్టని చోటు. ఇంత చిన్నది నిమిషమునకు 30,000 మాఱులకుఁ బైగాఁ దిరుగఁగలదు. కావున వెండ్రుకవాసి తేడాయు నిందు గొప్ప తేడాయే.

దీని గుండెలో నొక ఇత్తడి గొట్టము కలదు. దానిని స్లీవు అందురు. దాని లోపలి గోడకుఁ గ్రోమియపుఁ బూత యుండును. మన చిలకలపూడి నగలకు బంగారుపూత యందమునకై వేయుదురు. ఇక్కడి పూత యరుగుదలకు ఓర్చుటకై వేసినది. ఆ గొట్టములో అల్యూమినియపుఁ బిస్టను పైకిఁ గ్రిందికి నాడుచుండును. గొట్టము పైకొన యించుక సన్నము. చల్లగా నున్నప్పుడు పిస్టను అచ్చటఁ బిగియును. వేఁడి యెక్కిన పిదప ఇత్తడి వ్యాకోచించి యా బిగువు సరిపడును. ఇట్టివానిలోఁ బిస్టనుకు రింగులుండవు. ఈ పొందికయే లోపలి యొత్తిడిని నిలుపును. అందుచేత కర్మాగారమున నీ రెంటిని జతగా నేర్చి కూర్తురు.

కాళిదాసు పార్వతీపరమేశ్వరుల కూడికను మాటకును అర్థమునకును గల కూడికతోఁ బోల్చెను. స్లీవు, పిస్టనులు నట్టివే. ఒక తిరుగలి పైరాతిని వేఱొక తిరుగలి క్రిందిరాతిపైఁ బెట్టి విసరిన పిండి యెట్లుండునో మీరెఱుఁగుదురు. పొలములకు నీరు తోడు నూనె యింజనులకుఁ గూడ మిస్త్రీలు పిస్టనును లైనరును గలిపి 'సెట్టు'గా మార్చుట రైతుల యిండ్లలోఁ దెలిసినదే.

పిల్లలిచ్చట నొక పొరపాటు చేయుదురు. పైకొనలోఁ బిగిసినదని పిస్టనును గరుకుకాగితముతో రుద్దుదురు. రుద్దినచో నా జత చెడినట్లే. ఇంజను మొదట నొకింత నడిచి, వేఁడెక్కఁగానే యాగిపోవును. బిగువు మిక్కిలిగా నున్నచో జుట్టు ఆరఁబెట్టుకొను యంత్రముతో వెచ్చఁజేసి త్రిప్పవలయును. చల్లని యింజనును జేతితోఁ ద్రిప్పునపుడు పైకొనలో బిగువే లేకున్నచో మాత్ర మా జతకుఁ గాలము చెల్లినదని తెలియుఁడు.

తక్కిన భాగములకుఁ గొలతయే ప్రమాణము. పిస్టనును క్రాంకుషాఫ్టును గలుపు కడ్డీకి రెండు రంధ్రములు కలవు; ఆ రెంటిని, కడ్డీ పొడవును వెర్నియరు కాలిపర్సుతోఁ గొలువవలయును. పొడవు హెచ్చైనఁ బిస్టను తలమూఁతకుఁ గొట్టుకొనును. కార్బురేటరు మెడ వదులైనచో గాలి దొంగదారినఁ జొచ్చి యింజను మితిమీఱి వేఁడెక్కును. గ్లో ప్లగ్గులు రెండు తెఱఁగులు: ఒకటి రాగిబిళ్లపైఁ గూర్చుండును, 'టర్బో' అనునది యేటవాలు అంచుతోఁ గూర్చుండును. తలమూఁత దేనికిఁ జేసినదో దానినే వాడవలయును. మిల్లీమీటరు మరమేకును అంగుళపుఁ గొలత రంధ్రమునఁ బెట్టినచో రెండు చుట్లు పోయి బిగియును. బలిమిఁ ద్రిప్పిన అల్యూమినియపు మర యరిగిపోవును.

బంతి బేరింగులు లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము సరియైనచో నే యింజనువైనను దగులును. ఆ బాలుని యింజనులలో నొకదాని జత బాగుగనే యుండి బేరింగులు త్రుప్పు పట్టెను. రెండవదానివి సరిపోయినవని కొలిచి చెప్పినది వాని చెల్లెలు. రవికె కొలతలలో అరయంగుళము దాఁటనీయని చేతులకు మిల్లీమీటరు లెక్క యెంతటిది?

క్రొత్త జత వేసినచో, క్రొత్తకోడలికిఁ దొలినాఁడే గంపెడు చాకిరి చెప్పరాదన్నట్లు, మొదటఁ గొన్ని ట్యాంకుల యింధనము నించుక యెక్కువ పాలున విడుచుచు మెల్లగా నడుపవలయును.

ఇఁక ముఖ్యమైన మాట. ఈ యింధనములో మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలవు. నూనె కొన్నిట మన యాముదమే. కాని యాముదమున్నదని నమ్మకుఁడు. మిథనాలు కొద్దిగాఁ గడుపులోఁ బడినను చూపు పోవును, ప్రాణమును బోవచ్చును. దాని మంట పగటివెలుఁగులోఁ గంటికిఁ గానరాదు. కావున నీళ్ల సీసాలో, శీతలపానీయపు సీసాలో దానినెన్నఁడును బోయనీయకుఁడు. పేరు వ్రాసిన డబ్బాలో, తాళము వేసిన చోట, పొయ్యికి దూరముగా నుంచుఁడు. ఎవరైన మ్రింగినచో మత్తు లేదుకదా యని కాచియుండక తత్క్షణమే యాసుపత్రికిఁ గొనిపొండు. దాని విషము కొన్ని గంటలకుఁ గాని పైకిఁ దెలియదు.

కొలతగోల పిల్లల కిండు. ఇంధనపు డబ్బా తాళపుఁజెవి మాత్రము మీ కొంగున నుండనిండు.