రైతుగడప త్రొక్కు ఉద్యోగి యెట్టివాడు కావలయును?

సభ్యుల యిండ్లకు పోయి, వారి కష్టసుఖములు విచారించి, సంఘముతో వారికి గల సంబంధము సడలకుండ చూచుట కొక ప్రత్యేకోద్యోగిని నియమింపవలయునని మన సభ్యులలో కొందఱు కోరుచున్నారు. బ్యాంకులవా రిట్టివానిని రిలేషన్‌షిప్ మేనేజరని పిలుతురు. పేరు క్రొత్తదే గాని పని చాల పాతది. ఆ పనిని మన అందఱికంటె చక్కగా నెరిగినవాడు దలారి.

దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి. నగరునకును నడుమ కొత్తపేటయందు గడ్డిఅన్నారము పండ్లమార్కెటు 1986 మొదలు 22 ఎకరముల స్థలములో నడచుచుండెను. నల్లగొండ బత్తాయియు కొల్లాపురపు మామిడియు అచటికే దిగుచుండెను. 2021వ సంవత్సరమున ప్రభుత్వమువారు దానిని విజయవాడ బాటలోని బాటసింగారమునకు మార్ప నిశ్చయించిరి. వర్తకులు హైకోర్టు కెక్కిరి. 2022వ సంవత్సరపు తొలినెలలలో మార్పు ముగిసి, ఆ యేటి ఏప్రిలులో పాతస్థలమున టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగెను. షెడ్లు పోయినవి, కాటాలు పోయినవి, రైతుకు తోవయే మారిపోయినది. అయినను క్రొత్తచోటున బండి దిగిన రైతు మొదట వెదకునది తన వెనుకటి దలారినే. ఏల? ఆ దలారికి రైతుపేరు తెలియును, తోటలో నెన్ని చెట్లు ఎండినవో తెలియును, కూతురి పెండ్లి యెప్పుడో తెలియును. అర్ధరాత్రి ఫోను చేసినను కాగితము లేకయే అప్పు పుట్టును. ఈ ఆదరణమునకు వెల లేకపోలేదు. అప్పు గొన్నవాడు సరుకును మఱియొకని యొద్దకు కొనిపోజాలడు, తక్‌పట్టీలో వ్రాసిన ధరను ప్రశ్నింపజాలడు. ఇంత తెలిసియు రైతు ఆతనినే ఆశ్రయించుచున్నాడనిన, మనవైపున ఎంత లోపమున్నదో యోచింపుడు. బోరు ఎండిన నాడు రైతు మొదట చెప్పుకొనునది దలారితోను, పురుగుమందుల దుకాణదారుతోను. సంఘమునకు ఆ సంగతి తెలియునది బాకీ నోటీసు పోయిన పిమ్మట. కౌలురైతు సంగతి యంతకంటెను కష్టము; పట్టా లేనివాడు గనుక మన పుస్తకములలో ఆతని పేరే యుండదు.

ఇక మనిషిని ఎచట వెదకుట? దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలో నల్లగొండ, మహబూబునగరు, ఖమ్మము పల్లెలనుండి వచ్చిన యువకులును యువతులును గ్రూపు పరీక్షలకును కానిస్టేబులు పరీక్షలకును చదువుచు ఏండ్లు గడుపుచున్నారు. వారిలో పెక్కురు రైతుబిడ్డలు. వ్యవసాయ డిప్లొమా చదివినవారును కలరు. ఫలితములు వచ్చిన మఱునాడే వీరు సంఘమును విడిచిపోదురని కొందఱు పెద్దలు సందేహింతురు. కొందఱు పోదురు, నిజమే. పోనిండు. రెండేండ్లు శ్రద్ధగా తిరిగి పోయినవాడు, ఇరువదియేండ్లు కుర్చీ వదలని గుమాస్తాకంటె మేలు. కాని ఎన్నికలో ఇంగ్లీషు మాటలకును, ఇస్త్రీ చొక్కాకును మోసపోరాదు. నాకు తోచిన పరీక్ష యొకటి గలదు. అభ్యర్థిని తెల్లవారుజామున సరూరునగరు రైతుబజారునకు పంపి, ఇబ్రహీంపట్నము వైపునుండి ఆకుకూరలు తెచ్చిన యొక యాడుమనిషి ప్రక్కన గంటసేపు కూర్చుండనిండు. తిరిగి వచ్చినపిదప ఏమి జరిగినదో అడుగుడు. తానామెకు ఏమి చెప్పెనో వర్ణించిన వానిని పంపివేయుడు. ఆమె తన కేమి చెప్పెనో చెప్పినవానిని తీసికొనుడు. కూర కోయుటయు అమ్ముటయు ఎక్కువగా స్త్రీలే చేయుచుండగా, ఈ యుద్యోగము పురుషులకే యని తలచుట కూడ తెలివి గాదు.

జీతము మాట. ఎల్.బి. నగరు చౌరస్తాలోని బ్యాంకులలో ఈ పేరు గల యుద్యోగులకు నెల నెలకు లక్ష్యములు పెట్టుదురు. ఇన్ని డిపాజిట్లు, ఇన్ని బీమా పత్రములు. లక్ష్యము చేరనివాడు పోవును, ఖాతాదారునకు మరల క్రొత్తముఖము. ఆ పద్ధతిని మనము తెచ్చుకొనరాదు. ఎరువుబస్తాకింత యని కమీషను నిచ్చితిమా, ఉద్యోగి ఒక బస్తా చాలినచోట రెండు వేయించును. యూరియా మితిమీరిన వరిలో సుడిదోమ యెట్లు బలియునో నేను వేరుగ చెప్పనేల? వసూలునుబట్టి ఇచ్చితిమా, కలిగినవాని గుమ్మమునకే పోవును, కౌలురైతు గుడిసె దాటిపోవును. ఇన్ని యిండ్లు తిరిగినచో ఇంత యన్నామా, చాయదుకాణములో కూర్చుండి చిట్టా నింపును. కావున స్థిరమైన జీతము, ఒకటవ తారీఖున చేతికందునట్లు; పెట్రోలుఖర్చు వేరుగ.

జర్మనుదేశములో రైఫైజెను నెలకొల్పిన గ్రామసంఘములలో లెక్కలు వ్రాయువానికి తప్ప ఎవ్వరికిని జీతము లేదుగదా, సేవకు కూలి యేల యని అడుగువారు కలరు. అవి పందొమ్మిదవ శతాబ్దపు చిన్న గ్రామములు. ఒకరినొకరు ఎరిగినవారే సభ్యులు. మన సంఘమో పలుగ్రామములది. జీతగాడు తోడేలును చూచి పారిపోవునని సువార్తలో నున్నది గాని, పనివాని కూలి బిగబట్టిన యజమానునిగూర్చి యాకోబు పత్రికలో నున్న మందలింపును కూడ చదువుట మంచిది.

జీతముకంటె ముఖ్యమైనది అధికారము. ధాన్యము కాటాలో తరుగు ఎక్కువ తీసిరని రైతు మొఱపెట్టుకొనును. మన యుద్యోగి ఆఫీసులో చెప్పెదననును. రెండవమారును అదే మాట. మూడవమారు రైతు మంచము వాల్చడు, మంచినీళ్లడుగడు. ఉత్సాహము చచ్చునది ఎండలో తిరుగుటచేత కాదు, వట్టిచేతులతో తిరుగుటచేత. చిన్న తగవులను అచటికచటనే తీర్చు అధికారమును, కొంత సొమ్మువఱకు సర్దుబాటు చేయు హక్కును తీర్మానపూర్వకముగా నీయవలయును.

ఇంకొక మాట. నాటి కరీంనగరు జిల్లా ముల్కనూరులో 1956వ సంవత్సరమున అల్లిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు నెలకొల్పిన సంఘము అప్పును, ఎరువును, పంట అమ్మకమును ఒక్కచోటనే చేర్చినది. దలారి రైతుకు చేయు పనులన్నియు సంఘమే చేసినది. మనము సరుకు కొనలేక, మాట తియ్యనివాని నొకని పంపినంతమాత్రమున ఏ రైతును బాటసింగారపు అప్పునుండి విడివడడు. బత్తాయి కోతకు ముందు కొంత బయానా ఇచ్చు నిధి యొకటి ఈ నియామకముతోపాటే ఏర్పడవలయును.

ఉద్యోగి వ్రాయు చిట్టా సంఘముసొత్తుగా నుండవలయును. ఆతడు పోయినను తరువాతివాడు రైతు పేరడుగు పని యుండరాదు. మూడేండ్లలోపల ఊరు మార్పరాదు. సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానము వచ్చునపుడు జీతమెంత, ప్రయాణఖర్చెంత, సర్దుబాటు హక్కెంత, బయానానిధి యెంత యను నాలుగంకెలును అందులో నున్నవో లేవో చూచుకొనుడు. లేనిచో దానిని కార్యవర్గమునకు తిప్పి పంపుడు.