టార్గెటెడ్ యాడ్స్ తప్పు కాదు, అడక్కుండా టార్గెట్ చేయడమే తప్పు

షాపింగ్ యాప్‌లో ఇయర్‌బడ్స్ చూస్తారు. రేటు ఎక్కువనిపించి వదిలేస్తారు. కాసేపటికే అవే ఇయర్‌బడ్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపిస్తాయి, సాయంత్రానికి యూట్యూబ్‌లో కూడా. "ఫోన్ మన మాటలు వింటోంది బ్రో" అని ఫ్రెండ్ అంటాడు. నిజానికి ఈ పనికి మైక్ అవసరమే లేదు. మన ట్యాప్‌లు చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒకటి ఉంటుంది. ఐఫోన్‌లోనూ ఇలాంటిదే ఉంది. అందులో మీ పేరు ఉండదు. కానీ ఏ యాప్ వాడారు, ఏది కార్ట్‌లో వేసి వదిలేశారు లాంటివన్నీ ఆ ఐడీకి ముడిపడతాయి. వెబ్‌సైట్లలో అయితే మెటా పిక్సెల్ లాంటి చిన్న కోడ్ ఆ పని చేస్తుంది. చూసి వదిలేసినవాళ్లకే మళ్లీ యాడ్ చూపించడం రీటార్గెటింగ్. ఇంకో అడుగు ముందుకేస్తే లుక్‌అలైక్ ఆడియన్స్. షాపువాళ్లు పాత కస్టమర్ల లిస్ట్ ఇస్తే, అలాంటి కొత్తవాళ్లని మెటాయే వెతికిపెడుతుంది.

ఇందులో మంచి కూడా ఉంది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్ కేసులు అమ్మే చిన్న షాపు టీవీలో యాడ్ ఇవ్వలేదు. అదే ఆన్‌లైన్‌లో అయితే రోజుకి కొన్ని వందల రూపాయలు పెట్టి, చుట్టుపక్కల ఉన్న, గ్యాడ్జెట్స్ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లకి మాత్రమే చూపించుకోవచ్చు. ఫోన్ రివ్యూ పక్కన ఛార్జర్ యాడ్ వేస్తే, చూసేవాడి గురించి ఏమీ తెలియకపోయినా పని జరుగుతుంది. వీటితో నాకు ఏ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఎవరికి చూపించాలో ఎంచుకోవడం అంటే ఎవరికి చూపించకూడదో ఎంచుకోవడం కూడా. అమెరికాలో ఉద్యోగాల యాడ్స్ కొందరికి కనపడకుండా చేస్తున్నారని కేసులు పడ్డాయి. చివరికి 2019 మార్చిలో ఫేస్‌బుక్ సెటిల్‌మెంట్‌కి వచ్చింది. ఇళ్లు, ఉద్యోగాలు, అప్పుల యాడ్స్‌ని అక్కడ వయసు, జెండర్, జిప్ కోడ్ బట్టి టార్గెట్ చేయనివ్వబోమని ఒప్పుకుంది. ఒకసారి ఆలోచించండి. నచ్చని యాడ్ వస్తే స్కిప్ కొడతాం. మన దాకా రాని జాబ్ యాడ్ గురించి ఎవరికి కంప్లైంట్ ఇస్తాం? అసలు అలాంటిది ఒకటుందని కూడా మనకి తెలీదు కదా!

మరి జనాన్ని అడిగితే ఏమవుతుంది? 2021 ఏప్రిల్‌లో యాపిల్ ఐఓఎస్ 14.5తో అదే చేసింది. ఇతర యాప్స్, వెబ్‌సైట్లలో మిమ్మల్ని ట్రాక్ చేయాలంటే ముందు పర్మిషన్ అడగాలంది. దీనివల్ల ఆ ఏడాది సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని 2022 ఫిబ్రవరిలో మెటానే చెప్పింది. ఒక్క ప్రశ్న ఖరీదు అంత! అయితే యాపిల్‌ని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. యాడ్స్ అమ్మే వ్యాపారం దానికీ ఉంది. ఈ ప్రశ్న అడిగించిన తీరు పోటీకి దెబ్బ అంటూ 2025లో ఫ్రాన్స్ 15 కోట్ల యూరోల ఫైన్ వేసింది.

మన దగ్గర 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లని ట్రాక్ చేయకూడదని, వాళ్లకి టార్గెటెడ్ యాడ్స్ చూపించకూడదని చెబుతోంది. 18 దాటితే అనుమతి తీసుకోవాలి. కానీ ఆ అనుమతి అంటే కొత్త ఫోన్ తీసిన ఆత్రంలో చదవకుండా నొక్కేసే 'అగ్రీ' బటన్ అయితే లాభం లేదు. ఆ టాగుల్ మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉండాలి. కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకుంటారు. ఫోన్ రివ్యూల్లో కెమెరా, బ్యాటరీలాగా ఇది కూడా ఒక పాయింట్ కావాలి: సెటప్‌లో ముందే ఆన్ చేసి ఉన్నవి ఎన్ని, వాటిని ఆఫ్ చేయడానికి ఎన్ని మెనూలు తిరగాలి?

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేసుకుందాం. ఆండ్రాయిడ్‌లో గూగుల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాడ్స్‌లో 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ట్రాకింగ్ ఆఫ్ చేయండి. యాడ్స్ ఆగవు, ఒక్కో యాప్ లోపల మీరు చేసేది ఆ యాప్‌కి తెలుస్తూనే ఉంటుంది. కాకపోతే ఒక యాప్‌లో చూసింది ఇంకో యాప్‌కి మోసే దారుల్లో ఒకటి మూసుకుంటుంది. నిమిషం పని, ఇప్పుడే చేసేయండి.